పాత ఐరోపా ఇనుప టోపీ కొనాలనుకుంటే ముందు తిరగేసి లోపల చూడండి

ఇంగ్లండ్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం వాన తప్పించుకోవడానికి లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలోకి వెళ్లాను. టికెట్ లేదు, వెచ్చగా ఉంటుంది, ఒక గంట గడిచిపోతుంది అనుకున్నాను. ఒక అద్దాల పెట్టె దగ్గర వంగి, కింది నుంచి పైకి ఒక శిరస్త్రాణం లోపలికి చూశాను. బయట నున్నగా మెరుస్తున్న ఇనుము లోపల మాత్రం సుత్తి దెబ్బలతో నిండి ఉంది. చిన్న చిన్న చదును మచ్చలు, ఒకదాని మీద ఒకటి, వేల సంఖ్యలో. నాలుగు వందల ఏళ్ల కిందటి కమ్మరి చేతిరాత అది. ఆ రోజు సాయంత్రం మ్యూజియం మూసేదాకా అక్కడే ఉన్నాను.

ఈ పన్నెండేళ్లలో నేను సేకరించినవి ఆరే ఆరు. మూడు టోపీలు, ఒక ఛాతీ పలక, ఒక చేతి తొడుగు, మెడ చుట్టూ పెట్టుకునే గార్జెట్ ఒకటి. ఆ ఆరింటి కోసం చూసి వదిలేసినవి వందల్లో ఉంటాయి. మీరూ ఈ దారిలోకి రావాలనుకుంటే, నేను ఏ వరసలో నేర్చుకున్నానో, ఏ వరసలో నేర్చుకుని ఉంటే బాగుండేదో చెబుతాను.

మొదట: ఏది కొనాలో తేల్చుకోండి

తల నుంచి పాదం దాకా నిలువెత్తు కవచం హాల్లో నిలబెట్టాలన్న కోరిక అందరికీ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టండి. ఒకే మనిషి కోసం ఒకే కార్ఖానాలో చేసి, అన్ని భాగాలూ కలిసి ఈ రోజు దాకా నిలిచిన కవచాలు చాలా అరుదు. అలాంటివి వియన్నా, మాడ్రిడ్, న్యూయార్క్ మ్యూజియాల్లోనో, ఇటలీ ఉత్తరాన చుర్‌బర్గ్ లాంటి కోటల్లోనో ఉన్నాయి. మార్కెట్లోకి వచ్చే నిలువెత్తు కవచాల్లో చాలా భాగం కాంపోజిట్, అంటే వేర్వేరు కవచాల ముక్కలు తర్వాతి కాలంలో ఒకచోట చేర్చి కట్టినవి. చెయ్యి ఒక కవచానిది, కాలు ఇంకోదానిది, మధ్యలో 19వ శతాబ్దంలో చేసిన భాగాలు. కొత్తవాళ్లు ఆ లెక్క తేల్చలేరు.

15వ శతాబ్దపు వస్తువుల జోలికి కూడా ఇప్పుడే వెళ్లకండి. ముఖం కప్పే ఇటలీ ఆర్మెట్, జర్మనీ సాలెట్ లాంటి టోపీలు అసలువి దొరకడం కష్టం, ధరలు అందవు. అందుకే వాటికి నకిలీలు కూడా ఎక్కువ.

మొదలుపెట్టడానికి నేను చెప్పేది సుమారు 1550 నుంచి 1650 దాకా సాదా సైనికులు వాడిన సామాను. దీనికి కారణం ఉంది. ఆ కాలంలో నగరాలు, రాజ్యాలు సైన్యం కోసం కవచాలు టోకున చేయించి ఆయుధాగారాల్లో నిల్వ పెట్టాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 1640ల్లో కట్టిన ఆయుధాగారం ఇప్పటికీ అలాగే ఉంది. అందులో సుమారు 32,000 వస్తువులు వరసలుగా వేలాడుతుంటాయి. ఐరోపా అంతటా అలాంటి నిల్వలు తర్వాతి కాలంలో అమ్ముడైపోయి బయటికి వచ్చాయి. కాబట్టి ఈ సాదా సరుకు నిజమైనదే, సామాన్యులు కొనగలిగే ధరలో ఇప్పటికీ దొరుకుతుంది.

వాటిలో మొదటి కొనుగోలుకు అన్నిటికంటే తగినది కబసెట్. బాదంగింజ ఆకారంలో ఉండే టోపీ, నెత్తి మీద వెనక్కి వంగిన చిన్న తొడిమ, చుట్టూ సన్నని అంచు, అంచుకి కాస్త పైన వరసగా రివిట్లు. 16వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇటలీలో పెద్ద సంఖ్యలో చేశారు. బరువు కిలో, కిలోన్నర మధ్య ఉంటుంది. లండన్ వేలాల్లో మామూలు కబసెట్ కొన్ని వందల పౌండ్లకి దొరుకుతుంది, మంచి స్థితిలో ఉంటే వెయ్యి దాటుతుంది. దాని తర్వాత లాబ్స్టర్ పాట్ చూడండి. వెనక మెడ మీద లాబ్స్టర్ తోకలా పలకలు, ముందు ముఖానికి అడ్డంగా కమ్మీలు ఉండే గుర్రపు దళం టోపీ అది. 1640ల్లో ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రెండు పక్షాల వాళ్లూ పెట్టుకున్నారు.

ఆరు నెలలు ఏమీ కొనకండి

ఇది కష్టమే. కొనాలన్న ఆత్రం మొదటి నెలల్లోనే ఎక్కువ ఉంటుంది. నేను ఆ ఆత్రంలోనే దెబ్బ తిన్నాను, కాసేపట్లో చెబుతాను.

ఈ ఆరు నెలలు కంటికి శిక్షణ ఇవ్వండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి లీడ్స్‌తో పాటు లండన్‌లో వాలెస్ కలెక్షన్ ఉంది, అదీ ఉచితమే. అమెరికాలో ఉన్నవాళ్లకి న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం, ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం, మసాచుసెట్స్‌లో వూస్టర్ ఆర్ట్ మ్యూజియం ఉన్నాయి. అదే ఊళ్లో ఉన్న కవచాల మ్యూజియం హిగ్గిన్స్ ఆర్మరీ 2013 చివర్లో మూతపడ్డాక దాని సేకరణలో ముఖ్యభాగం ఈ వూస్టర్ మ్యూజియానికే చేరింది. మన తెలుగు వాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ నుంచి ఫిలడెల్ఫియా ఎంతో దూరం కాదు. పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లు మీకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు.

మ్యూజియంలో అలంకారం చూడకండి, ఆకారం చూడండి. ఒక టోపీ పక్క నుంచి ఏ వంపు తిరిగింది, నుదుటి దగ్గర ఎంత ముందుకొచ్చింది, మెడ దగ్గర ఎలా సన్నబడింది అన్నది పుస్తకంలో బొమ్మ వేసుకోండి. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు, గీయడానికి చూసిన చూపు గుర్తుండిపోతుంది. నకిలీ చేసేవాడు చెక్కడాన్ని, ముద్రల్ని, తుప్పుని కూడా అనుకరించగలడు. ఆ ఆకారంలోని ప్రాణం మాత్రం చాలామందికి పట్టుబడదు.

అద్దాల పెట్టెలు చేతికి ఏమీ నేర్పవు. దానికి వేలం సంస్థలు ప్రదర్శన రోజులు పెడతాయి. వేలానికి ముందు రెండు మూడు రోజులు ఎవరైనా వెళ్లి వస్తువుల్ని అడిగి చేతిలోకి తీసుకుని చూడొచ్చు. కొనాల్సిన అవసరం లేదు. లండన్‌లో బోనమ్స్, ఒలింపియా, మ్యూనిక్‌లో హెర్మన్ హిస్టోరికా ఈ రకం సరుకుకి పేరున్నవి. అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగితే ఓపిగ్గా చెబుతారు. 1950లో లండన్‌లో మొదలైన ఆర్మ్స్ అండ్ ఆర్మర్ సొసైటీలో సభ్యులుగా చేరితే, నలభై ఏళ్లుగా ఇదే చూస్తున్నవాళ్లు పరిచయమవుతారు. వాళ్లతో ఒక సాయంత్రం గడిపితే పది పుస్తకాలు చదివినంత.

సంచిలో ఏం పెట్టుకోవాలి

సన్నని వెలుగిచ్చే చిన్న టార్చి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, మందం కొలిచే కాలిపర్, వంటింట్లో వాడే డిజిటల్ తూకం, నైట్రైల్ గ్లవ్స్. అయస్కాంతం వల్ల పెద్దగా ఉపయోగం లేదు, నకిలీ కూడా ఇనుమే కదా.

అసలు పని: వస్తువుని చదవడం

టోపీ చేతికివ్వగానే అందరూ ముందు వైపు చూస్తారు. మీరు తిరగేయండి. టార్చిని లోపలి గోడకి ఏటవాలుగా పట్టుకోండి. నకిలీ చేసినవాడి శ్రద్ధంతా కొనేవాడి కన్ను పడే చోటే ఉంటుంది, అంటే బయటి వైపు. కమ్మరి తన పని పూర్తయ్యాక లోపలి వైపుని అలాగే వదిలేశాడు, ఎందుకంటే దాని మీద మెత్తటి గుడ్డ లైనింగ్ వచ్చేది. అందుకే లోపలి వైపు అబద్ధం ఆడటం తక్కువ.

లోపల మొదట వెతకాల్సింది సుత్తి దెబ్బలు. నిజమైన టోపీలో అవి నెత్తి నుంచి అంచు వైపుకి ఒక ప్రవాహంలా సాగుతాయి, ఎందుకంటే చదును ఇనుప బిళ్లని కొట్టి కొట్టి గిన్నెలా లేపారు. బయటి వైపు మాత్రం అదే కమ్మరి నున్నగా సానపట్టాడు. 'చేత్తో చేసింది' అనిపించడానికి బయటంతా సుత్తి గుంటలు పెట్టిన టోపీ కనిపిస్తే అనుమానపడండి. ఆ కాలంలో అలాంటి టోపీని కొనేవాడు వెనక్కి పంపేవాడు.

తర్వాత మందం. కాలిపర్‌తో అందినన్ని చోట్ల కొలిచి రాసుకోండి. చేత్తో లేపిన ఇనుము ఒకే మందంలో ఉండదు. దెబ్బ తగిలే చోట మందంగా, పక్కల పలచగా ఉంటుంది. ఒక చోట రెండు మిల్లీమీటర్లు దాటితే ఇంకో చోట ఒక మిల్లీమీటరుకి దగ్గర పడుతుంది. ఛాతీ పలకలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, నడిమి భాగం బరువు, చంకల వైపు తేలిక. ఎక్కడ కొలిచినా ఒకే అంకె వస్తే అది రోలింగ్ మిల్లులో తయారైన రేకు.

నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. ఒక సంతలో మోరియన్ కొన్నాను. కోడిపుంజు జుట్టులా నడినెత్తిన ఎత్తైన అంచు, రెండు కొనలూ పైకి లేచిన పడవలాంటి చుట్టు, ఒంటినిండా చెక్కడాలు ఉన్న టోపీ. '16వ శతాబ్దం, స్పెయిన్' అని చీటీ ఉంది. అమ్మినతను చాలా నమ్మకంగా మాట్లాడాడు. రెండు నెలల జీతంలో మిగిలింది మొత్తం ఇచ్చేశాను. ఇంటికొచ్చాక నాలుగు రోజులకి ఒక పాత సేకర్త మా ఇంటికి వచ్చి, దాన్ని ఒక్కసారి తిరగేసి, ఏమీ మాట్లాడకుండా కాలిపర్ నా చేతికిచ్చారు. పద్నాలుగు చోట్ల కొలిచాను. అన్నిచోట్లా 0.9 మిల్లీమీటర్లే. నడినెత్తి అంచు లోపల వెల్డింగ్ గీత వేలికి తగిలింది. టూరిస్టుల కోసం 20వ శతాబ్దంలో చేసిన వస్తువు అది. డబ్బు పోయిన బాధ కొన్నాళ్లకి తగ్గింది. చూడాల్సిన చోట చూడలేదన్న బాధ మాత్రం చాలాకాలం ఉండిపోయింది. ఆ మోరియన్ని అమ్మలేదు, ఇంకొకరు మోసపోకూడదని. కొత్తగా వచ్చేవాళ్లకి చూపించడానికి దాచాను.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. రెండు భాగాలుగా చేసి నడినెత్తిన కలిపారన్న ఒక్క కారణంతోనే నకిలీ అనుకోకండి. లాబ్స్టర్ పాట్ నెత్తి మామూలుగానే రెండు ముక్కలు, ఒకదాని అంచు మీదికి ఇంకోటి మడిచి రివిట్లు వేస్తారు. కొన్ని జర్మన్ మోరియన్లూ అంతే. ఎలా కలిపారన్నది ముఖ్యం. మడత, రివిట్, కొలిమిలో కాల్చి అతికిన అతుకు ఆ కాలానివి. గ్యాస్, కరెంటు వెల్డింగ్ కావు.

ఇనుము స్వభావం కూడా చూడండి. పాత పద్ధతిలో కొలిమిలో తీసిన ఇనుములో చిట్టెం, అంటే ఖనిజం కాల్చినప్పుడు మిగిలే మలినం, పూర్తిగా పోదు. సాగగొట్టినప్పుడు అది సన్నని గీతల్లా, పొరల్లా ఉండిపోతుంది. భూతద్దంలో అంచుల దగ్గర, తుప్పు తిన్న గుంటల్లో ఆ పొరలు కనిపిస్తాయి, పాత చెక్క చీలినట్టు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక తయారైన ఉక్కులో ఆ పొరలు ఉండవు. ఇది మంచి పరీక్షే కానీ ఒకవైపే పనిచేస్తుంది. పొరలు లేకపోతే అనుమానించాలి. పొరలున్నంత మాత్రాన 16వ శతాబ్దం అనుకోకూడదు, ఎందుకంటే 1830ల్లో నకిలీలు చేసినవాళ్లు కూడా చిట్టెం ఉన్న ఇనుమే వాడారు.

తుప్పు గురించి. శతాబ్దాల తుప్పు ఒక పద్ధతిలో రాదు. ఒకచోట లోతుగా, పక్కనే ఏమీ లేకుండా, నీళ్లు నిలిచిన చోట ఎక్కువగా ఉంటుంది. రంగు కూడా ముదురు గోధుమ, నలుపు. యాసిడ్ పోసి తెప్పించిన తుప్పు అంతటా ఒకేలా, కమలా రంగు ఛాయతో, బత్తాయి తొక్కలా ఉంటుంది. చెక్కడాలున్న వస్తువైతే ఇంకో మంచి పరీక్ష ఉంది. చెక్కిన గీత తుప్పు గుంట దగ్గరికి వచ్చినప్పుడు ఏమవుతుందో చూడండి. గుంట గీతని తినేస్తే చెక్కడం పాతది. గీత గుంటలోకి దిగి మళ్లీ పైకొస్తే, తుప్పు పట్టిన సాదా టోపీ మీద ధర పెంచడానికి తర్వాత ఎవరో చెక్కారు. 19వ శతాబ్దంలో ఇలా చాలా జరిగింది. టోపీ నిజమైనదే, చెక్కడం అబద్ధం.

చివరగా, అది పనిచేస్తుందా అని అడగండి. కవచం అంటే తొడుక్కునే బట్ట. తల పట్టాలి, లైనింగ్‌కి చోటుండాలి, కళ్ల చీలికలోంచి దారి కనిపించాలి, మెడ తిరగాలి. గోడకి తగిలించడానికి చేసిన వస్తువులో వీటిలో ఏదో ఒకటి కుదరదు.

నకిలీలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇది తెలుసుకుంటే పాత నకిలీలు ఎందుకంత బాగుంటాయో అర్థమవుతుంది. 1839 ఆగస్టులో స్కాట్లండ్‌లోని ఎగ్లింటన్‌లో అక్కడి ప్రభువు గుర్రాల మీద ఎదురెదురుగా ఈటెలతో తలపడే మధ్యయుగాల పోటీని మళ్లీ జరిపించాడు. వేలమంది చూడ్డానికి వచ్చారు, కుండపోత వాన కురిసి అంతా బురదైంది. పోటీలో దిగిన వాళ్లకి కవచాలు సమకూర్చింది శామ్యూల్ ప్రాట్ అనే లండన్ వ్యాపారి. కవచాల మీద ఆ రోజుల్లో పుట్టిన మోజుకి సరిపడా పాత సరుకు లేదు. ప్రాట్ దుకాణం నుంచి మధ్యయుగపు టోపీల పేరుతో కొత్తవి కూడా బయటికొచ్చాయి.

1890ల్లో లూయీ మార్సీ అన్న పేరుతో ఒకతను అమ్మిన మధ్యయుగపు వస్తువులు బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా వెళ్లాయి. ఆ తర్వాతే గుట్టు బయటపడింది. మ్యూనిక్‌లో ఎర్న్‌స్ట్ ష్మిట్ కథ వేరు. ఆయన గొప్ప పనివాడు. పాత కవచాలకి నకళ్లు చేసి, నకళ్లుగానే కేటలాగ్ వేసి అమ్మాడు. చేతులు మారేకొద్దీ వాటిలో కొన్ని అసలువైపోయాయి. ఈ రోజు ష్మిట్ చేసినవని తెలిసిన కవచాలకే మంచి ధర ఉంది, ఆ పనితనానికి అది న్యాయమే.

ముద్రలు

న్యూరెంబర్గ్‌లో నగర పరీక్ష నెగ్గిన కవచం మీద చిన్న గుండ్రని ముద్ర కొట్టేవారు, అందులో సగం గద్ద, సగం ఏటవాలు చారలు ఉంటాయి. ఆగ్స్‌బర్గ్‌ది పైన్ కాయ గుర్తు. వాటి పక్కన పనివాడి సొంత ముద్ర ఉండొచ్చు. ముద్ర లేకపోవడం లోపం కాదు, చాలా మంచి వస్తువులకి ముద్ర ఉండదు. ముద్ర ఉండటం రుజువూ కాదు, ఎందుకంటే నకిలీ చేసేవాడు ముందు నేర్చుకునేది ముద్ర కొట్టడమే. చుట్టూ ఉన్న ఇనుము ఎంత అరిగిందో ముద్ర కూడా అంతే అరగాలి. అరిగిన పలక మీద పదునైన ముద్ర ఉంటే పక్కన పెట్టండి.

ఛాతీ పలకల మీద ఒక గుండు దెబ్బ కనిపిస్తే భయపడక్కర్లేదు. తుపాకీ గుండుని ఆపుతుందని చూపడానికి అమ్మేముందు కాల్చి పరీక్షించేవారు, ఆ సొట్టే హామీపత్రం.

గొలుసు కవచం విషయంలో మనవాళ్లు తెలుసుకోవాల్సింది

'మధ్యయుగపు ఐరోపా గొలుసు కవచం' అని అమ్మేవాటిలో చాలా భాగం నిజానికి ఇండియాలోనో, ఇరాన్‌లోనో చేసినవి. ఉంగరాల మధ్య రివిట్లు లేకుండా కొనలు కలిపి వదిలేసినవి, ఇనుము ఇత్తడి ఉంగరాలు కలిపి డిజైన్ అల్లినవి కనిపిస్తే మన వైపువే అయ్యుండే అవకాశం ఎక్కువ.

వాటిని చిన్నచూపు చూడకండి. కర్నూలు జిల్లా ఆదోని కోటని మొఘల్ సైన్యం 1689 ప్రాంతంలో పట్టుకున్నప్పుడు, బికనేర్ రాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలు, కవచాలు రాజస్థాన్‌కి తీసుకెళ్లాడు. వాటి మీద నాగరి లిపిలో చుక్కలు పొడిచి ఆదోని పేరు రాయించారు. ఆ కవచాల్లో కొన్ని ఇప్పుడు న్యూయార్క్, లీడ్స్ లాంటి చోట్ల మ్యూజియాల్లో ఉన్నాయి. ఆదోని పేరు ఉన్న ఇనుముని అంత దూరంలో చదివినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. గొలుసు కవచం మీద చుక్కల అక్షరాలు కనిపిస్తే ఎవరికైనా చదివించండి.

ఎక్కడి నుంచి వచ్చింది అని అడగండి

వస్తువు ఎంత నచ్చినా, దాని పాత యజమానుల కాగితాలు అడగకుండా డబ్బు ఇవ్వకండి. పాత వేలం కేటలాగ్, రసీదు, పాత ఫొటో, లోపల రంగుతో రాసిన సేకరణ సంఖ్య, ఏదైనా పనికొస్తుంది. లోపలి పాత చీటీని, అంకెల్ని ఎప్పుడూ చెరపకండి.

1983 మే 31 రాత్రి పారిస్ లూవ్ర్ మ్యూజియం నుంచి బంగారం వెండి పొదిగిన ఒక ఇటలీ శిరస్త్రాణం, ఛాతీ పలక దొంగతనం జరిగాయి. 1922లో రోత్‌షీల్డ్ కుటుంబం మ్యూజియానికి ఇచ్చినవి అవి. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2021లో బోర్డోలో ఒక కుటుంబం వారసత్వం పంచుకుంటూ వస్తువులకి విలువ కట్టడానికి నిపుణుణ్ణి పిలిస్తే, ఆయనకి అనుమానం వచ్చి పోలీసులకి చెప్పాడు. అలా దొరికాయి. అలాంటి వస్తువు తెలియక కొన్నా చివరికి పోయేది మీ డబ్బే. దొంగతనానికి పోయిన కళావస్తువుల జాబితా ఉండే ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో వెతికించుకోవచ్చు. ఖర్చు కొంచెమే, టెన్షన్ పోతుంది.

ఇంగ్లండ్ చర్చిల్లో సమాధుల పైన ఆ కుటుంబం వాళ్ల టోపీలు వేలాడదీసే ఆచారం ఉండేది. వాటికి నెత్తిన తర్వాత బిగించిన మేకులాంటి ములుకు గానీ, దాని రంధ్రం గానీ ఉంటుంది. అలాంటిది కనిపిస్తే, అది చర్చి నుంచి చట్టప్రకారం బయటికొచ్చిందా అన్న కాగితం చూపించమనండి. నేలలో తవ్వి తీసినట్టున్న వస్తువులని నేను అసలు ముట్టుకోను. అవి దొరికిన చోటు గురించిన సమాచారం పోతే చరిత్రలో ఒక ముక్క శాశ్వతంగా పోయినట్టే.

వేలంలో కొనడం

కేటలాగ్ భాష నేర్చుకోండి. '16వ శతాబ్దం చివర' అని ఉంటే వాళ్లు ఆ కాలానిదని నమ్ముతున్నారు. '16వ శతాబ్దపు శైలిలో' అని ఉంటే అది తర్వాత చేసినదని చెబుతున్నారు, చాలాసార్లు 19వ శతాబ్దం. 'అసోసియేటెడ్' అంటే ఆ భాగం పాతదే కానీ ఈ వస్తువుది కాదు. ఈ మూడు మాటల తేడా తెలియకే కొత్తవాళ్లు ఎక్కువ నష్టపోతారు. రివిట్లు కొత్తవి వేయడం, తోలు పట్టీలు మార్చడం, అంచున చిన్న మాటు, ఇవన్నీ ఒప్పుకోవచ్చు. వాడుకలో ఉన్న రోజుల్లోనే కవచాల్ని మళ్లీ మళ్లీ బాగుచేసుకునేవాళ్లు. ముఖభాగం మొత్తం కొత్తదైతే ధర సగానికంటే కిందికి రావాలి.

వెళ్లలేకపోతే వస్తువు ఏ స్థితిలో ఉందో వేలం సంస్థ రాసిచ్చే కండిషన్ రిపోర్ట్ అడగండి, దానితో పాటు లోపలి వైపు ఫొటోలు తప్పకుండా అడగండి. బరువు అడగండి. లోపలి ఫొటో ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ వస్తువు మీద బిడ్ పెట్టకండి.

లెక్క ముందే వేసుకోండి. 800 పౌండ్ల దగ్గర పాట ముగిసి సుత్తి పడిందనుకుందాం. కొన్నవాళ్ల మీద కమీషన్ 28 శాతం అయితే 224, దాని మీద 20 శాతం వ్యాట్ సుమారు 45. మొత్తం 1,069 పౌండ్లు, రవాణా వేరు. కాబట్టి మీ దగ్గర వెయ్యి ఉంటే మీ బిడ్ 740 దగ్గర ఆగాలి. ఆ అంకె చేతి మీద రాసుకోండి. గదిలో వేడి పెరిగినప్పుడు మనసులో అనుకున్న అంకె నిలవదు.

ఇండియాకి తీసుకెళ్లాలనుకుంటే

బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటిన వస్తువుకి విలువని బట్టి ఎగుమతి లైసెన్స్ కావాల్సి రావచ్చు, వేలం సంస్థనే అడిగితే చెబుతారు. ఇండియా వైపు కస్టమ్స్ ఏజెంట్‌తో వస్తువు కదలకముందే మాట్లాడండి. ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువుని దేశం బయటికి పంపడం మీద గట్టి ఆంక్షలున్నాయి. ఒకసారి హైదరాబాద్ చేర్చాక మళ్లీ బయటికి తీసుకురావడం మామూలు పని కాదు. దిగుమతి కాగితాలన్నీ పదిలంగా ఉంచండి.

ఇంట్లో జాగ్రత్త

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నా కబసెట్‌ని చూసి, "ఇంత ఖరీదు పెట్టి కొని ఇలా నల్లగా ఉంచుకున్నావేంట్రా, చింతపండేసి తోమనా?" అంది. ప్రేమతోనే అంది. ఇత్తడి బిందెకి చింతపండు మంచిదే కానీ ఈ ఇనుముకి విషం. నిమ్మకాయ, ఉప్పు, ఎమరీ కాగితం, స్టీల్ పీచు, ఏదీ తగలకూడదు. ఆ ముదురు పొరే దాని వయసు, దాని విలువ. ఒకసారి మెరిపించాక తిరిగి రాదు.

పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే చెమటలోని ఉప్పు వల్ల కొన్ని వారాల్లో వేలిముద్ర ఆకారంలో తుప్పు లేస్తుంది. ఏడాదికోసారి రెనసాన్స్ వ్యాక్స్ పలచగా రాసి గుడ్డతో తుడవండి. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియంలో తయారైన మైనం అది, మ్యూజియాల వాళ్లు ఇప్పటికీ వాడతారు. గదిలో తేమ 50 శాతం దాటకుండా చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి మూత బిగుతుగా ఉన్న అద్దాల పెట్టె, లోపల సిలికా జెల్ తప్పనిసరి. ఆ పెట్టె ఓక్ చెక్కతో చేయించకండి, ఆ చెక్క వదిలే ఆమ్లపు ఆవిరి ఇనుముని తింటుంది.

దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా. మా ఇంట్లోనూ చేస్తాం. పసుపు కుంకుమ తడిపి టోపీ మీద పెట్టకండి, కింద ఉన్న స్టాండ్‌కి పెట్టండి. ఒక సంవత్సరం తెలియక పెట్టిన బొట్టు చోట మూడో వారానికి ఎర్రటి మచ్చ వచ్చింది, అది ఇప్పటికీ ఉంది.

ప్రతి వస్తువుకీ ఒక కాగితం పెట్టుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి కొన్నారు, బరువు, కొలిచిన మందాలు, పాత యజమానుల వివరాలు, మీరు చేయించిన మరమ్మతు ఏదైనా ఉంటే అదీ. బయటి ఫొటోలు నాలుగు, లోపలివి నాలుగు. లోపలి ఫొటోలు ప్రతి సంవత్సరం అదే వెలుతురులో మళ్లీ తీసి పాతవాటి పక్కన పెట్టి చూడండి. కొత్త తుప్పు మొదలైతే ముందు అక్కడే కనిపిస్తుంది.